‘చూద్దాం’కీ ‘చూద్దాంలే’కీ మధ్య

చాలా ఏళ్ల కిందట నేను రాసిన ఒక కథలో ఓ తండ్రి ఉంటాడు. కూతురు వచ్చి, పై చదువుకి వేరే ఊరు వెళ్తానంటుంది. ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండా “చూద్దాం” అంటాడు. ఆ కింద ఒక పేరా నిండా ఆ పిల్ల నిరాశ రాశాను. గుండెల్లో ఏదో జారిపోవడం, కిటికీ బయట చీకటి, గడియారం చప్పుడు, అన్నీ పెట్టాను. కథ చదువుతున్న స్నేహితుడు ఆ పేజీ దగ్గర ఆగి, “ఈయన ‘చూద్దాం’ అనడేమోరా. ‘చూద్దాంలే’ అంటాడు” అన్నాడు. అని పేజీ తిప్పేశాడు.

ఇంటికి వెళ్లి ‘లే’ చేర్చి చూశాను. కింద ఉన్న పేరాతో ఇక పనే లేకపోయింది. ‘చూద్దాం’ అన్న తండ్రి నిజంగానే ఆలోచిస్తాడేమో. ‘చూద్దాంలే’ అన్నాయన ఆలోచించడు. ఆ సంగతి కూతురికీ తెలుసు, చదివేవాళ్లకీ తెలుసు. పేరా అంతా కష్టపడి నేను చెప్పలేకపోయింది ఒక్క అక్షరం చెప్పేసింది. పేరా కొట్టేశాను. కొట్టేస్తుంటే బాధ కూడా వేసింది, ఎందుకంటే అందులో ‘నిర్లిప్త నిశీథి’ అని ఒక మాట ఉంది. దాన్ని వాడే అవకాశం కోసం అప్పటికి ఏడాదిగా ఎదురుచూస్తున్నాను.

అవును, ఆ రోజుల్లో మంచి మాటల కోసం నాకో నోటుబుక్కు ఉండేది. చదివిన చోటల్లా బాగున్న మాట కనిపిస్తే అందులో ఎక్కించేవాణ్ని. కథ రాయడానికి కూర్చుంటే ఆ బుక్కు పక్కన ఉండాల్సిందే. పదాల ఎంపిక అంటే నాకు తెలిసింది అంతే: ‘మౌనం’ అనాలా ‘నిశ్శబ్దం’ అనాలా, ‘చూపు’ అనాలా ‘దృష్టి’ అనాలా. కథలో గొంతు సహజంగా లేదని ఎవరన్నా అంటే ఆ పెద్ద మాటలనే ఇటూ అటూ మార్చేవాణ్ని. ఎన్ని మార్చినా గొంతు మారేది కాదు. ఇప్పుడు నా అనుమానం ఏమిటంటే, తెలుగులో కథ చెప్పే గొంతు నామవాచకాల్లో ఉండేది చాలా తక్కువ. అది క్రియల చివరా, మాటకి అంటుకునే చిన్నచిన్న ముక్కల్లోనూ ఉంటుంది. మనం దెబ్బలాడుకునేది మాత్రం ఎప్పుడూ నామవాచకాల గురించే.

ఆ దెబ్బలాట అందరికీ తెలిసిందే. కథలో ఇంగ్లీషు మాటలు రావచ్చా? సంస్కృతం తగ్గించాలా? అచ్చ తెలుగు మాటలు వెతికి తేవాలా? ఒక్కసారి ఈ రెండు వాక్యాలు చూడండి. “బస్సు మిస్సయిపోయిందిరా, టెన్షన్‌తో చచ్చాననుకో.” “సమయానికి వాహనాన్ని అందుకోలేకపోయిన కారణంగా నాలో తీవ్రమైన ఆందోళన చోటుచేసుకుంది.” మొదటి దాంట్లో వస్తువుల పేర్లూ మనసు పేర్లూ అన్నీ ఇంగ్లీషే. అయినా ఆ వాక్యం తెలుగువాడి నోట్లోంచి తప్ప ఇంకెక్కడి నుంచీ రాదు. ‘పోయిందిరా’లో ఉన్న ఆ ‘రా’, ‘చచ్చాననుకో’లో ఉన్న ఆ ‘అనుకో’, వీటిని ఇంకో భాషలోకి పట్టుకెళ్లడం ఎవరి తరమూ కాదు. రెండో దాంట్లో ఒక్క ఇంగ్లీషు మాట లేదు. కానీ అది ఎవరి గొంతు? ఎవరిదీ కాదు.

ఇంగ్లీషు కలవడం ఈమధ్య వచ్చిన జబ్బేమీ కాదు. 1892లో మొదటిసారి ఆడిన ‘కన్యాశుల్కం’లోనే గిరీశం మాట మాటకీ ఇంగ్లీషు దొర్లిస్తాడు. అది ఆ మనిషి కోటు లాంటిది, ఎదుటివాళ్ల ముందు పెద్దవాడిలా కనబడ్డానికి తొడుక్కున్నది. అతని నోట్లోంచి ఇంగ్లీషు తీసేసి శుద్ధమైన తెలుగు పెడితే గిరీశమే మిగలడు. కాబట్టి ‘ఈ మాట తెలుగేనా’ అని అడగడం కన్నా, ‘ఈ మాట ఈ మనిషిదేనా’ అని అడిగితే సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

మిగతా సగం కొంచెం చిక్కుది. వాడుకభాష గెలిచి చాలా కాలమైందని మనందరి ధీమా. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. ఆ సూత్రాల ప్రకారమే రాయాలన్న పండితులతో గిడుగు రామమూర్తి ఏళ్ల తరబడి పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం కూడా. మంచిదే. కానీ ముందు తలుపు నుంచి వెళ్లిపోయిన గ్రాంథికం పెరటి తలుపు నుంచి మళ్లీ వచ్చిందని నాకనిపిస్తుంది. ఈసారి వేషం వేరు. ‘వచ్చుచున్నాడు’, ‘పోయెను’ అని రాదు. ‘యొక్క’, ‘మరియు’, ‘ద్వారా’, ‘చేయబడింది’, ‘కలిగి ఉంది’, ‘ఒక విధమైన’ అంటూ వస్తుంది. ఇంగ్లీషు వాక్యానికి తెలుగు తొడుగు. ప్రకటనల్లో, ప్రభుత్వ నోటీసుల్లో, డబ్బింగుల్లో దీన్ని పొద్దస్తమానం చూసి చూసి, కథ రాసేటప్పుడు చేయి దానంతటదే అటు పోతుంది. క్రియ రూపం వాడుకభాషదే కాబట్టి మనకి అనుమానం కూడా రాదు.

ఈ కొత్త గ్రాంథికం ఎక్కువ పాడుచేసేది మనసు సంగతులు రాసే చోట. తెలుగులో భయాన్ని మనిషి అనుభవించడు. భయమే వచ్చి మనిషికి వేస్తుంది. నాకు భయం వేసింది, సిగ్గేసింది, ఆకలేసింది, జాలేసింది. కోపం వచ్చింది, నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఒళ్లు మండింది. ప్రాణం ఉసూరుమంది. గమనించండి, ‘నేను’ ఎక్కడా కర్త కాదు. నేను ఓ మూల నిలబడి ఉంటే అవన్నీ వచ్చి మీద పడుతున్నాయి. మనసు గురించి తెలుగుకి ఉన్న అవగాహన అది. దాన్ని వదిలేసి ‘అతను తనలో ఒక తెలియని భయాన్ని అనుభూతి చెందాడు’ అని రాస్తే గొంతు పోవడమే కాదు, మనిషి కూడా మారిపోతాడు. భయం వేసినవాడు నిస్సహాయుడు. భయాన్ని అనుభూతి చెందినవాడు తన భయాన్ని తనే చేతిలో పట్టుకుని పరిశీలిస్తున్నట్టు ఉంటాడు. అలాంటి పాత్రే కావాలంటే అలాగే రాయొచ్చు. మనకి కావాల్సింది అదేనా?

‘నేను నిన్ను ప్రేమిస్తున్నాను’ సంగతీ ఇంతే. నా మొదటి కథల్లో ఇద్దరు ముగ్గురు ఈ మాట అని ఉంటారు. నిజంగా ఆ మాట చెప్పాల్సి వచ్చిన మనిషి ఏమంటాడు? “నువ్వంటే నాకిష్టం” అంటాడు. లేదా ‘ఐ లవ్యూ’ అనేసి పారిపోతాడు. లేదా “తిన్నావా?” అని అడుగుతాడు.

ఇక క్రియల చివరికి వస్తాను, నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. ‘చెప్పాడు’ అన్న ఒక్క మాట తీసుకోండి. చెప్పేశాడు అంటే ఇక ఆపుకోలేక, లేదా ఆ పని వదిలించుకోడానికి. చెప్పుకున్నాడు అంటే తన బాధ, తన గోడు. చెప్పి ఊరుకున్నాడు అంటే ఆ తర్వాత ఏమైనా తనకి సంబంధం లేదని. చెప్పుకొచ్చాడు అంటే సాగదీశాడు, వినేవాళ్లకి కాస్త అనుమానంగా కూడా ఉంది. చెప్పబోయాడు అంటే ఎవరో అడ్డొచ్చారు, లేదా తనకే ధైర్యం చాల్లేదు. చెప్పనే చెప్పాడు అంటే మీరు విన్లేదు, తప్పు మీదే. ‘చెప్పి చావు’ అంటే విసుగు, కానీ చనువున్న చోటే ఆ విసుగు. ఇంగ్లీషులో వీటిలో ఒక్కొక్కదానికి ఒక విశేషణమో క్రియావిశేషణమో కావాలి. మనకి అక్కర్లేదు. కానీ మనం వీటిని వదిలేసి ‘ఆవేశంగా చెప్పాడు’, ‘నిర్లక్ష్యంగా చెప్పాడు’, ‘ఆవేదనతో చెప్పాడు’ అని రాస్తాం. పెట్టెలో పనిముట్లన్నీ ఉంచుకుని పొరుగింటికి సుత్తి కోసం వెళ్లినట్టు.

‘అట’ కూడా ఇలాంటిదే. “ఆయన ఉద్యోగం మానేశాడు” అంటే కథ చెప్పేవాడు పూచీ పడుతున్నాడు. “మానేశాడట” అంటే విన్నది చెబుతున్నాడు, బాధ్యత తనది కాదు. “మానేశాట్ట!” అని కాస్త నొక్కితే నమ్మడం లేదని కూడా అర్థం. కథ చెప్పేవాడు ఎంత తెలిసినవాడు, ఎంత నమ్మదగినవాడు అన్న దాని గురించి విమర్శకులు పేజీలు పేజీలు రాస్తారు. తెలుగు కథకుడికి ఆ పని రెండక్షరాల్లో అయిపోతుంది. నా కథ ఒకటి మొత్తం ‘అట’ మీద నడిపాను. ఊళ్లో అందరూ చెప్పుకునే ఒక మనిషి కథ, చెప్పేవాడు అతన్ని ఒక్కసారి కూడా చూడలేదు. చివరి పేజీలో చూస్తాడు, అక్కడ ‘అట’ ఆగిపోతుంది. కథ గొప్పగా రాలేదు, అది వేరే విషయం.

‘మనం’, ‘మేము’ తేడా గురించి చెప్పకుండా ఉండలేను. నిన్నటిదాకా “మన ఇంట్లో” అన్న అన్నయ్య, వాటాలు పంచుకున్న మర్నాడు “మా ఇంటికి ఓసారి రారా” అంటాడు. ఎంత ప్రేమగా పిలిచినా సరే, ఆ ‘మా’ వినబడగానే తమ్ముడికి గొంతు పట్టేస్తుంది. అక్కడ ఇంకొక్క వాక్యం రాసినా ఎక్కువే.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది సర్వనామం. కథ మొదటి వాక్యంలోనే తెలుగు కథకుడు ఒక తీర్పు చెప్పక తప్పదు: ఈ పాత్ర ‘వాడా’, ‘అతనా’, ‘ఆయనా’? ‘అదా’, ‘ఆమా’, ‘ఆవిడా’? ఇంగ్లీషువాడికి దొంగైనా దొరైనా ఒకటే సర్వనామం. మనకి పక్షం వహించకుండా కథ మొదలుపెట్టే దారే లేదు. పాత కథలు తీసి చూడండి, ఇంటి యజమాని ‘ఆయన’, పనివాడు ‘వాడు’. యజమాని పాతికేళ్లవాడు, పనివాడు అరవై ఏళ్లవాడు అయినా అంతే. అది పాత్రలు అనుకోవడం కాదు, కథకుడే అంటున్నాడు. పేదవాళ్ల మీద జాలితో కన్నీళ్లు పెట్టించే కథలో కూడా కథకుడు ఆ పేదవాణ్ని ‘వాడు’ అంటూనే ఉంటాడు. రాసినవాడి మనసెలాంటిదో ఆ కథలో ఉన్న ఉపన్యాసం కన్నా ఆ సర్వనామమే బాగా చెబుతుంది.

ఇప్పుడు చాలామంది దీనికి విరుగుడుగా అందరికీ ‘అతను’, ‘ఆమె’ వాడుతున్నారు. మర్యాదగానే ఉంటుంది. కానీ పదేళ్ల పిల్ల తన నాన్నమ్మ గురించి చెప్పే కథలో “ఆమె నన్ను దగ్గరికి తీసుకుంది” అని వస్తే, ఆ పిల్ల నాన్నమ్మ గురించి పోలీసు స్టేషన్లో వాంగ్మూలం ఇస్తున్నట్టు ఉంటుంది. నాన్నమ్మని నాన్నమ్మ అనే అంటుంది ఎవరైనా. పదిసార్లు వస్తే పదిసార్లూ అదే. లేదంటే అసలేమీ అనదు, ఎందుకంటే ‘దగ్గరికి తీసుకుంది’ అంటే చాలు, ఎవరో తెలిసిపోతుంది. తెలుగులో కర్తని వదిలేసే హక్కు మనకి పుట్టుకతో వచ్చింది. కథలు రాసేటప్పుడు దాన్ని మర్చిపోయి ‘అతను తన చేతిని తన జేబులో పెట్టుకున్నాడు’ అని రాస్తాం. చేయి తనదే, జేబు తనదే, అనుమానం ఎవరికుంది?

‘చిన్న వాక్యాలు రాయండి’ అన్న సలహా మీద కూడా నాకు కొంచెం కోపం ఉంది. ఇది చాలాచోట్ల చెబుతారు, నేనూ కొన్నాళ్లు పాటించాను. “అతను లేచాడు. మొహం కడుక్కున్నాడు. చొక్కా వేసుకున్నాడు. తలుపు తీశాడు. ఎవరూ లేరు.” డిటెక్టివ్ నవలలా ఉంది కదా? తెలుగు నోరు ఆ పనులన్నిటినీ ఒక దారానికి గుచ్చుతుంది: “లేచి, మొహం కడుక్కుని, చొక్కా వేసుకుని తలుపు తీసి చూస్తే, ఎవరూ లేరు.” దీంట్లో పనులు వరసగా జరిగిపోతాయి, ఆ ‘చూస్తే’ దగ్గర మనం కూడా తొంగి చూస్తాం. వాక్యం పొడవైనా ఊపిరి ఆడుతుంది. చిన్న వాక్యాలు చెడ్డవని కాదు. కంగారు, కోపం, ఏదో విరిగిపోయిన క్షణం వచ్చినప్పుడు దారం తెంపాలి. ఎప్పుడూ తెగే ఉంటే, తెగిందని ఎలా తెలుస్తుంది?

“అయితే మాట్లాడినట్టే రాసేయమంటావా?” అని ఒకసారి ఓ మిత్రుడు నిలదీశాడు. అలా కుదరదు. ఇద్దరు మాట్లాడుకుంటుంటే రికార్డు చేసి, విన్నది విన్నట్టు కాగితం మీద పెట్టి చూడండి. సగం వాక్యాలు పూర్తి కావు. ‘అంటే’, ‘అదే’, ‘మరి’, ‘ఏంటంటే’ తప్ప ఏమీ కనబడదు. రెండు పేజీలు చదివేసరికి తలనొప్పి వస్తుంది. కథలో సహజంగా వినబడే మాట తయారుచేసిన మాటే. వంద ‘మరి’ల్లోంచి ఒక్కటి ఏరుకుని సరైన చోట పెట్టడమే పని. “మరి నేను?” అన్న రెండు మాటల్లో ఆ ‘మరి’ ఎంత మోస్తుందో చూడండి.

పెద్ద మాటలకి నేను శత్రువుని కూడా కాను. ఎనిమిదేళ్ల కుర్రాడు ‘నా నిస్సహాయత’ అంటే నవ్వొస్తుంది. రిటైరయిన తెలుగు మాస్టారు కరెంటు పోయినప్పుడు “అంధకార బంధురం!” అంటే ఆ మనిషి కళ్లకు కడతాడు. ఒంటరిగా ఉంటాడని, చెబితే వినేవాళ్లు ఎవరూ లేక కరెంటుతో మాట్లాడుతున్నాడని కూడా తెలుస్తుంది. నా నోటుబుక్కులోని మాటలన్నీ ఇప్పటికీ ఉన్నాయి. వాటికి తగిన మనుషులు దొరికినప్పుడు ఇచ్చేస్తున్నాను. ‘నిర్లిప్త నిశీథి’కి ఇంకా ఎవరూ దొరకలేదు.

ప్రాంతాల యాస గురించి ఎక్కువ చెప్పను, అది వేరే వ్యాసమంత ఉంటుంది. ఒక్క మాట. వచ్చాడు, వచ్చిండు, వచ్చినాడు, వచ్చేడు, వీటిలో మొదటిది మామూలు భాష, మిగతావి యాస అని చాలామంది అనుకుంటారు. మొదటిది కూడా ఒక యాసే. కృష్ణా, గోదావరి జిల్లాల చదువుకున్నవాళ్ల మాట అచ్చులోకి ఎక్కి ‘శిష్ట వ్యావహారికం’ అయింది. కథకుడు ‘వచ్చాడు’ అంటూ పాత్రల చేత మాత్రం ‘వచ్చిండు’ అనిపించడంలో తప్పు లేదు. ఆ యాస నవ్వించడానికి మాత్రమే కనబడితే ఉంది. అలాగే ప్రతి అక్షరాన్నీ ఉచ్చారణ ప్రకారం విరిచి రాయక్కర్లేదు. క్రియ చివర సరిగ్గా పడితే మిగతాది చదివేవాళ్ల చెవే పూరించుకుంటుంది.

రాసింది పైకి చదువుకోమని అందరూ చెబుతారు. పనికొచ్చే సలహానే, కానీ ఒక లోపం ఉంది. రాసినవాడు చదివితే తప్పులు వినబడవు. మనకి అర్థం ముందే తెలుసు కాబట్టి కాగితం మీద లేని విరుపు, లేని ‘లే’, మన గొంతే అద్దేస్తుంది. అందుకని నేను ఆ కథేంటో తెలియని వాళ్ల చేత చదివిస్తాను. ఏమీ చెప్పను, పెన్సిల్ పట్టుకుని కూర్చుంటాను. ఎక్కడ తడబడితే అక్కడ గీత. ఎక్కడ వాళ్లంతట వాళ్లే మాట మార్చి చదివేస్తే అక్కడ రెండు గీతలు. ఆ మార్చిన మాటే, దాదాపు ప్రతిసారీ, నేను రాయాల్సిన మాట. వాళ్లు మార్చామని కూడా వాళ్లకి తెలియదు.

ఈమధ్య ఒక కథ దగ్గర మూడు రోజులు ఆగిపోయాను. విడిపోయిన భార్యాభర్తలు పన్నెండేళ్ల తర్వాత ఎవరిదో పెళ్లిలో ఎదురుపడతారు. ఆవిడే ముందు పలకరించాలి. పెళ్లయిన కొత్తలో అతన్ని ‘మీరు’ అనేది, తర్వాత ‘నువ్వు’ అనేది, చివరి రోజుల్లో ఏమీ అనేది కాదు. ఇప్పుడేమంటుంది? “ఎప్పుడొచ్చారు?” అంటే పరాయిదైపోతుంది. “ఎప్పుడొచ్చావు?” అంటే పన్నెండేళ్లు ఏమీ జరగనట్టు. కర్తని వదిలేద్దామంటే క్రియ చివర పట్టిచ్చేస్తుంది. కాసేపు నవ్వించి సరిపెట్టాను, బాగోలేదు. తల ఊపించాను, అదీ బాగోలేదు. మూడో రోజు సాయంత్రం గుర్తొచ్చింది, కొత్తగా కలిసినవాళ్లని ఏమనాలో తెలియనప్పుడు మనందరం చేసేదే. “ఎప్పుడు రావడం?” అని అడిగింది ఆవిడ. అతను కుర్చీ పక్కకి జరిపాడు.

“ఇప్పుడే” అన్నాడు. అతనూ క్రియ వాడలేదు.